ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ సినిమాల్లో ముందు ఏది చూడాలి, ఏది ఆఖరికి దాచుకోవాలి

పాత హాలీవుడ్ చూడటం మొదలుపెడదామనుకుంటున్నాను, ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ పేరు తెగ వింటున్నాను, ముందు ఏది చూడమంటారు అని అడిగితే దాదాపు అందరూ చెప్పే సమాధానం ఒక్కటే, "కాసాబ్లాంకా". నేనూ చాలా ఏళ్లు అదే చెప్పాను. ఇప్పుడు మానేశాను. సినిమా బాగోక కాదు, చాలా బాగుంటుంది, కానీ ఆమె ఏం చేయగలదో తెలుసుకోవాలంటే మాత్రం మొదట చూడాల్సింది అది కాదు. ముందు "నటోరియస్" చూడండి. తొందరలో ఉన్నవాళ్లు ఇక చదవక్కర్లేదు, వెళ్లి అది పెట్టుకోండి, గంటా నలభై నిమిషాల్లో అయిపోతుంది.

మిగతావాళ్లకి, ఏ మూడ్‌లో ఏది చూడాలి, ఒకేలా కనిపించే రెండింటిలో ఏది తీసుకోవాలి, దేన్ని పక్కన పెట్టాలి అన్నది నాకు తెలిసినంత చెబుతాను. చివరి వరకు ఆగి చూడాల్సింది ఒకటుంది. అది ముందే చూసేస్తే పోయేదేం లేదనుకుంటారు గానీ, చాలా పోతుంది.

ముందు మనిషి గురించి నాలుగు ముక్కలు. ఈమె విషయంలో ఏ సినిమా ఏ సమయంలో చేసిందో తెలియకపోతే సగం అర్థం కాదు. 1915 ఆగస్టు 29న స్టాక్‌హోమ్‌లో పుట్టింది. ఊహ తెలియకముందే తల్లి పోయింది. తండ్రి ఫొటోగ్రాఫర్, కూతుర్ని ఎప్పుడూ ఫొటోలు తీస్తూ ఉండేవాడు, ఆ రోజుల్లోనే ఇంట్లో సినిమా కూడా తీశాడు, అంటే కెమెరా ముందు నిలబడటం ఈమెకి అన్నం తినడంతో పాటే అలవాటైంది. పన్నెండు పదమూడేళ్లు వచ్చేసరికి ఆ తండ్రీ లేడు. బంధువుల ఇళ్లల్లో పెరిగింది, నాటక శిక్షణలో చేరింది, మధ్యలోనే వదిలేసి సినిమాల్లోకి వచ్చేసింది. 1936లో స్వీడన్‌లో చేసిన "ఇంటర్‌మెజ్జో" చూసి హాలీవుడ్ నిర్మాత డేవిడ్ సెల్జ్‌నిక్ పిలిపించాడు. 1939లో అదే కథని ఇంగ్లిష్‌లో తీశాడు. పేరు మార్చాలి, కనుబొమలు తీయించాలి, పళ్లు సరిచేయించాలి అని అక్కడ మామూలుగా అందరికీ చెప్పేదే ఈమెకీ చెప్పారు. ఒప్పుకోలేదు. చివరికి సెల్జ్‌నిక్ కూడా తెలివిగా దాన్నే పబ్లిసిటీ చేసుకున్నాడు, మేకప్ అక్కర్లేని సహజ సౌందర్యం అని.

తర్వాత పదేళ్లు అమెరికా ఈమెని నెత్తిన పెట్టుకుంది. 1949లో ఇటలీ వెళ్లి దర్శకుడు రాబెర్తో రోసెల్లినీతో ఉండిపోయింది, అప్పటికి భర్త ఉన్నాడు, పదేళ్ల కూతురు ఉంది. అదే అమెరికా నెత్తి మీద నుంచి దించి నేలకేసి కొట్టింది. ఏడేళ్ల తర్వాత మళ్లీ పిలిచి ఆస్కార్ ఇచ్చింది. మొత్తం ఏడుసార్లు నామినేట్ అయింది, మూడుసార్లు గెలిచింది. 1982లో లండన్‌లో క్యాన్సర్‌తో పోయింది, అది కూడా సరిగ్గా పుట్టినరోజు నాడే, 67 ఏళ్లకి. స్వీడిష్, జర్మన్, ఇంగ్లిష్, ఇటాలియన్, ఫ్రెంచ్, ఇన్ని భాషల్లో నటించింది.

ఇక అసలు పోలికలు.

"కాసాబ్లాంకా"నా, "నటోరియస్"నా

"కాసాబ్లాంకా" 1942 నాటిది, మైఖేల్ కర్టిజ్ దర్శకుడు. యుద్ధం, మొరాకోలో ఒక క్లబ్బు, పాత ప్రేమికుడు హంఫ్రీ బోగార్ట్, నాజీల నుంచి తప్పించుకు తిరుగుతున్న భర్త, మధ్యలో ఈమె. ఉత్తమ చిత్రం, దర్శకుడు, స్క్రీన్‌ప్లే ఆస్కార్లు మూడూ దానికే వచ్చాయి. ఈమెకి మాత్రం దానికి నామినేషన్ కూడా రాలేదు, ఆ ఏడాది నామినేషన్ వచ్చింది "ఫర్ హూమ్ ది బెల్ టోల్స్"కి. ఇప్పుడు ఆ సినిమా సంగతి ఎవరికీ పట్టదు అనుకోండి.

షూటింగ్ జరుగుతుండగానే స్క్రిప్ట్ రాస్తూ పోయారు. ఈ అమ్మాయి చివరికి ఎవరితో వెళ్తుందో తనకే తెలియదు. నేను ఎవర్ని ప్రేమిస్తున్నట్టు చేయాలి అని అడిగితే, ఇంకా తేలలేదు, మధ్యస్తంగా లాగించెయ్ అన్నారట. ఆ తేలనితనమే ఆమె మొహంలో ఒక అందమైన పొగమంచులా కనిపిస్తుంది, పియానో దగ్గర ఆ పాట వింటున్నప్పుడు ఆమె క్లోజప్ చూస్తే ఎవరికైనా గుండె జారుతుంది. కాదనను. కానీ గమనించండి, ఆ సినిమాలో నిర్ణయాలన్నీ మగవాళ్లవే. మన ఇద్దరి తరపునా నువ్వే ఆలోచించు అని ఆమే బోగార్ట్‌కి అప్పగించేస్తుంది. అక్కడి నుంచి అది బోగార్ట్ సినిమా. ఆమె పని చూడబడటం. చూడబడటం ఆమెకంటే బాగా ఎవరూ చేయలేరు గానీ, ఆమెకి వచ్చిన పని అదొక్కటే కాదు.

"నటోరియస్" 1946, హిచ్‌కాక్. ఇందులో తండ్రి జర్మన్ గూఢచారిగా శిక్ష పడినవాడు, కూతురు తాగుడుకి అలవాటు పడి, ఊరంతా చెడ్డపేరు మోస్తూ ఉంటుంది. అమెరికన్ ఏజెంట్ కేరీ గ్రాంట్ వచ్చి, రియో వెళ్లి అక్కడి నాజీల గుట్టు తెలుసుకో అంటాడు. తెలుసుకోవడం అంటే, అక్కడి ఒకడికి దగ్గరవ్వడం. ఇద్దరూ ప్రేమలో పడ్డాక కూడా అతను వద్దు అనడు. ఆమె అతను వద్దంటాడేమోనని ఎదురు చూస్తుంది. అనడు. ఆ ఎదురుచూపు, ఆ తర్వాత వచ్చే కసి, మొండితనం, భయం, మళ్లీ ప్రేమ, ఇవన్నీ దాదాపు డైలాగుల్లేకుండా మొహంలోనే నడిపిస్తుంది. ప్రేమిస్తున్నవాణ్ని గుచ్చడానికి నవ్వుతూ మాట్లాడే మాటలు విన్నారా, అక్కడ తెలుస్తుంది ఈమె ఎంత పెద్ద నటో.

ఇక టెక్నిక్ ఇష్టపడేవాళ్లకి ఇందులో పండగే. అప్పటి సెన్సార్ వాళ్లు ముద్దు మూడు సెకన్లు దాటకూడదన్నారు. హిచ్‌కాక్ ఏం చేశాడంటే, వాళ్లిద్దరూ ముద్దు పెట్టుకుంటారు, ఆపుతారు, రాత్రి భోజనానికి చికెన్ గురించి మాట్లాడుకుంటారు, మళ్లీ ముద్దు, ఫోన్ దాకా నడుస్తారు, మళ్లీ ముద్దు, అలా రెండున్నర నిమిషాలు లాగాడు, రూలు ఎక్కడా తప్పలేదు. ఇంకోటి, పార్టీ సీన్‌లో కెమెరా హాలు పైకప్పు దగ్గర మొదలై మెల్లగా దిగుతూ దిగుతూ వచ్చి ఆమె గుప్పిట్లో ఉన్న తాళంచెవి దగ్గర ఆగుతుంది. ఆ తాళంచెవిని కేరీ గ్రాంట్ గుర్తుగా దాచుకుని, కొన్నేళ్లకి ఈమెకి ఇచ్చాడు. 1979లో హిచ్‌కాక్‌కి సన్మానం జరిగినప్పుడు ఈమె దాన్ని స్టేజీ మీద తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

కాబట్టి నా మాట ఇది. ఇంట్లో నలుగురితో కలిసి, కొంచెం రొమాంటిక్‌గా, పాటా గీటా ఉండి కాలక్షేపం కావాలంటే "కాసాబ్లాంకా". ఆమె కోసమే అయితే "నటోరియస్". అది చూశాక "కాసాబ్లాంకా" చూస్తే ఆ పొగమంచు వెనక ఏముందో మీకు ముందే తెలిసి ఉంటుంది, ఇంకా బాగుంటుంది. రంగులద్దిన "కాసాబ్లాంకా" కూడా ఒకటి తిరుగుతోంది, 1980ల్లో చేసింది, అది ఎక్కడైనా ఫ్రీగా దొరికినా పెట్టకండి.

థ్రిల్లర్ కావాలా: "గ్యాస్‌లైట్", "స్పెల్‌బౌండ్"

రెండూ ఏడాది తేడాతో వచ్చాయి, 1944, 1945. రెండిట్లోనూ మనసు, మతి, మతి పోయిందా లేదా అన్న గొడవే. కానీ అద్దంలో బొమ్మల్లా తిరగేసి ఉంటాయి. "స్పెల్‌బౌండ్"లో ఈమె డాక్టరు, మతిమరుపు వచ్చిన గ్రెగరీ పెక్ పేషెంటు. "గ్యాస్‌లైట్"లో ఈమెకే మతి చెడుతోందని భర్త నమ్మిస్తుంటాడు.

"స్పెల్‌బౌండ్" హిచ్‌కాక్ సినిమా, కలల సీన్‌కి సాల్వదార్ డాలీ బొమ్మలు వేశాడు, గోడల నిండా కళ్లు, వంకర పరికరాలు. అది చూడదగ్గదే. మిక్లోష్ రోజా సంగీతానికి ఆస్కార్ వచ్చింది. మిగతాదంతా మాత్రం పాతబడిపోయింది, కల అర్థం తెలిస్తే రోగం నయం, ప్రేమిస్తే ఇంకా తొందరగా నయం అన్న లెక్కలో నడుస్తుంది. అందులోని మగ డాక్టర్లు ఆమెతో మాట్లాడే తీరు చూస్తే ఇప్పుడు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకోవాల్సి వస్తుంది. హిచ్‌కాక్ పిచ్చి ఉన్నవాళ్లు చూడండి, లేకపోతే ఆగొచ్చు.

"గ్యాస్‌లైట్" మాత్రం ఇవాళ తీసినట్టు ఉంటుంది. జార్జ్ క్యూకర్ దర్శకుడు, భర్తగా చార్ల్స్ బోయర్. సోషల్ మీడియాలో ఇప్పుడు ప్రతివాళ్లూ వాడుతున్న గ్యాస్‌లైటింగ్ అన్న మాట ఈ కథ నుంచే వచ్చింది, 2022లో మెరియమ్ వెబ్‌స్టర్ నిఘంటువు దాన్ని ఆ ఏటి మాటగా కూడా ప్రకటించింది. మాట తెలిసినవాళ్లలో సినిమా చూసినవాళ్లు ఎంతమంది అంటే నాకు డౌటే. భర్త ఒక బ్రోచ్ మాయం చేసి నువ్వే పోగొట్టావంటాడు, గోడ మీద పటం తీసేసి నువ్వే దాచావంటాడు, రాత్రుళ్లు అతను బయటికి వెళ్లాక గదిలో గ్యాస్ దీపం తగ్గుతుంది, పైన అడుగుల చప్పుడు వినిపిస్తుంది, ఎవర్నడిగినా అలాంటిదేం లేదంటారు. పనిపిల్లగా ఏంజెలా లాన్స్‌బరీ, పదిహేడేళ్లు, అదే మొదటి సినిమా, యజమానురాల్ని చూసే ఆ పొగరు చూపుకి ఆస్కార్ నామినేషన్ కొట్టేసింది.

ఈ పాత్రకి బెర్గ్‌మన్‌ని తీసుకోవడంలోనే అసలు తమాషా ఉంది. ఆమె పొడగరి, ఆరోగ్యంగా, దృఢంగా ఉండే మనిషి. బోయర్ ఆమెకంటే పొట్టి, కొన్ని సీన్లలో పెట్టె మీద నిలబడాల్సి వచ్చింది. చూడగానే అయ్యో పాపం అనిపించే బక్కపల్చని అమ్మాయి అయితే ఇంత భయం వేసేది కాదు. ఇంత గట్టి మనిషిని కూడా ఇలా పిండి చేసేయొచ్చా అని మనకి వణుకు పుడుతుంది. సంగీత కచేరీకి వెళ్లిన సీన్ ఒకటి ఉంది, పదిమందిలో ఆమె మెల్లమెల్లగా కూలిపోయే సీన్, ఈ సినిమాకి ఆమెకొచ్చిన మొదటి ఆస్కార్‌కి అది చాలు.

ఒక హెచ్చరిక. మా పిన్ని కూతురికి ఇది సజెస్ట్ చేసి తప్పు చేశాను, తను అప్పుడే అలాంటి కాపురంలోంచి బయటపడి వచ్చింది, ఆ సంగతి నాకు సరిగ్గా తెలియదు. సగంలో ఆపేసి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నెల తర్వాత మిగతా సగం చూసి, చివర్లో ఆ సీన్ కోసమైనా చూడాల్సిందే అక్కా అంది. ఆ చివరి సీన్ ఏమిటో చెప్పను. ఎవరికి చెబుతున్నారో చూసుకుని చెప్పండి అంతే.

ఇటలీ సినిమాలు: చాలామంది ఇక్కడే పారిపోతారు

ఇక్కడ కొంచెం ఆగి మాట్లాడాలి. 1948లో ఈమె రోసెల్లినీకి ఒక ఉత్తరం రాసింది. మీ సినిమాలు చూశాను, ఇంగ్లిష్ బాగా వచ్చిన, జర్మన్ మర్చిపోని, ఫ్రెంచ్ అంతంతమాత్రంగా వచ్చిన, ఇటాలియన్‌లో నిన్ను ప్రేమిస్తున్నాను అన్న ఒక్క ముక్క తప్ప రాని స్వీడిష్ నటి ఎవరైనా కావాల్సి ఉంటే నేను సిద్ధం అని దాని సారాంశం. అంత పెద్ద స్టార్, యుద్ధంలో కూలిన వీధుల్లో, నటులు కానివాళ్లతో సినిమాలు తీసేవాడికి అలా రాయడం అప్పట్లో ఎవరూ ఊహించలేదు.

వెళ్లింది. 1949లో స్ట్రాంబోలి అనే అగ్నిపర్వతం దీవిలో అదే పేరుతో సినిమా తీశారు. గర్భవతి అయింది. 1950 ఫిబ్రవరిలో కొడుకు పుట్టాడు, అదే నెలలో అమెరికాలో సినిమా విడుదలైంది. మార్చిలో కొలరాడో సెనేటర్ ఎడ్విన్ జాన్సన్ ఏకంగా సెనేట్‌లో లేచి ఈమెని తిట్టాడు. ఒక సినిమా నటి కాపురం గురించి పార్లమెంటులో చర్చ! అంత కోపం ఎందుకంటే, అంతకుముందు ఈమె నన్‌గా వేసింది, జోన్ ఆఫ్ ఆర్క్‌గా వేసింది, మేకప్ లేని స్వచ్ఛమైన అమ్మాయి అని నిర్మాతే టముకు వేశాడు. జనం తెర మీది సాధ్విని ఇంట్లో పటం కట్టుకున్నారు, అసలు మనిషి ఆ పటంలోంచి లేచి వెళ్లిపోయేసరికి తట్టుకోలేకపోయారు. 1972లో ఇంకో సెనేటర్ చార్ల్స్ పెర్సీ అదే సెనేట్‌లో ఆమెకి జరిగింది తప్పని రికార్డుకి ఎక్కించాడు. ఇరవై రెండేళ్లు పట్టింది.

సినిమాల సంగతికొస్తే, రెండే మాటలు. "స్ట్రాంబోలి"తో మొదలుపెట్టకండి, 1954 నాటి "జర్నీ టు ఇటలీ"తో మొదలుపెట్టండి. "స్ట్రాంబోలి"లో శరణార్థుల శిబిరంలోంచి బయటపడటానికి ఒక జాలరిని పెళ్లి చేసుకుని ఆ దీవికి వచ్చిన పరాయి ఆడదాని కథ, జాలర్లు ట్యూనా చేపల్ని పట్టే సీన్ ఒళ్లు జలదరించేలా ఉంటుంది, చివర్లో ఆ పొగల కొండ ఎక్కడం కూడా. కానీ నడక చాలా నెమ్మది, ఈమె చుట్టూ ఉన్నవాళ్లు నటులు కారు, హాలీవుడ్ అలవాటుతో వచ్చినవాళ్లకి అరగంటలో నిద్ర వస్తుంది. చూస్తే మాత్రం పొడవైన వెర్షన్ చూడండి, అమెరికాలో ఆర్‌కేవో కంపెనీ కోసేసి వదిలిన 81 నిమిషాల ముక్క వద్దు.

"జర్నీ టు ఇటలీ"లో పెళ్లై ఎనిమిదేళ్లయిన ఇంగ్లిష్ జంట, చనిపోయిన బంధువు ఇల్లు అమ్ముదామని నేపుల్స్ వస్తారు. ఊళ్లో రోజూ ఎవరి పనుల్లో ఎవరున్నామో తెలియక గడిచిపోయిన కాపురం, ఇక్కడ పనేం లేక ఒకరికొకరు ఎదురుగా కూర్చోవాల్సి వచ్చేసరికి బయటపడుతుంది. మనకి ఒకరంటే ఒకరికి పడదని. గొడవలేం పెద్దగా ఉండవు. ఆమె ఒక్కతే మ్యూజియంకి వెళ్లి విగ్రహాలు చూస్తుంది, కారులో పోతూ వీధుల్లో గర్భిణుల్ని, పసిపిల్లల్ని చూస్తుంది. పాంపేయిలో తవ్వకాల్లో బూడిద కింద పక్కపక్కనే చనిపోయిన జంట ఆకారం బయటికి తీస్తుంటే అక్కడ నిలబడలేక వెనక్కి తిరుగుతుంది. భర్తగా జార్జ్ శాండర్స్, ఆయనకి షూటింగ్ అంతా నరకమే, రోసెల్లినీ స్క్రిప్ట్ ఇవ్వడు, ఇవాళ ఏం తీస్తారో తెలియదు. ఆ చిరాకంతా పాత్రకి అలా అతికింది. విడుదలైనప్పుడు ఆడలేదు, ఫ్రాన్స్‌లో యువ విమర్శకులు మాత్రం కొత్త సినిమా అంటే ఇదేనని ఎత్తుకున్నారు. గంటన్నర లోపే. ఇంగ్లిష్ వెర్షన్ తీసుకోండి, ఇద్దరూ మాట్లాడింది ఇంగ్లిషే, ఇటాలియన్ డబ్బింగ్‌లో ఆమె గొంతు పోతుంది.

మీకు పెళ్లై చాన్నాళ్లయి ఉంటే ఇది ఒంటరిగా చూడాలా, ఇద్దరూ కలిసి చూడాలా అన్నది మీ ఇష్టం, నేనేం చెప్పను.

ఆ కాపురం ఎలా ముగిసిందన్నది మన దేశంతో ముడిపడి ఉంది. 1956 చివర్లో రోసెల్లినీ డాక్యుమెంటరీ తీయడానికి ఇండియా వచ్చాడు, ఇక్కడ సోనాలీ దాస్‌గుప్తాతో ప్రేమ, 1957లో మన పేపర్లన్నీ అదే గోల. అమెరికాకి ఈమె మీద వచ్చిన కోపం లాంటిదే ఇక్కడ వాళ్లిద్దరి మీద వచ్చింది. బెర్గ్‌మన్ బయట పెద్దగా ఏడుపులూ నిందలూ లేకుండా విడిపోయింది.

తిరిగి వచ్చాక చేసినవి

1956లో "అనస్తాసియా", రెండో ఆస్కార్. ఆమె తరపున వేదిక మీద కేరీ గ్రాంట్ తీసుకున్నాడు. రష్యా జార్ కూతురు బతికే ఉందని ఒక అనాథని తయారు చేసే కథ, యుల్ బ్రిన్నర్ ఉన్నాడు. చాలామంది దీన్ని గొప్ప రీ ఎంట్రీ అంటారు. నాకైతే ఆ ఆస్కార్ నటనకి సగం, క్షమాపణకి సగం అనిపిస్తుంది. ముసలి మహారాణిగా హెలెన్ హేస్‌తో ఉన్న సీన్ అద్భుతం, మిగతాది రాజరిక సెట్టింగులు.

దాని బదులు 1958 "ఇన్‌డిస్క్రీట్" చూడమంటాను, మనసు తేలిక పడటానికి. మళ్లీ కేరీ గ్రాంట్, పన్నెండేళ్ల తర్వాత. "నటోరియస్" చూశాక చూస్తే, అంత విషం తాగిన ఇద్దరూ ఇప్పుడు హాయిగా జోకులేసుకుంటున్నట్టు ఉంటుంది. పెళ్లికాని ఇద్దర్ని ఒకే మంచం మీద చూపించకూడదన్న రూలుకి ఇందులో ఇంకో ఉపాయం. అతను ఒక ఊళ్లో, ఆమె ఇంకో ఊళ్లో, తెర రెండుగా చీల్చి పక్కపక్కన పెట్టారు, ఫోన్‌లో మాట్లాడుకుంటూ ఒకే పరుపు మీద ఉన్నట్టు. కామెడీలో "కాక్టస్ ఫ్లవర్" కూడా ఉంది, 1969. హిందీ "మైనే ప్యార్ క్యూఁ కియా" చూసినవాళ్లకి కథ పది నిమిషాల్లో తెలిసిపోతుంది, దీన్నే అలా మలిచారు. దాన్ని నవ్వుకోవడానికి చూడొచ్చు, ఈమె కోసం ప్రత్యేకంగా అక్కర్లేదు, అందులో ఆస్కార్ కొట్టింది గోల్డీ హాన్.

మూడో ఆస్కార్ 1974 "మర్డర్ ఆన్ ది ఓరియంట్ ఎక్స్‌ప్రెస్", సహాయ నటిగా. దర్శకుడు సిడ్నీ లూమెట్ రాకుమారి పాత్ర ఇస్తానంటే, కాదు ఆ పిరికి స్వీడిష్ మిషనరీ వేషం నాకివ్వండి అని అడిగి తీసుకుంది. ఆమెకి ఉన్న అసలు సీన్ ఒక్కటే, విచారణ, కట్ లేకుండా దాదాపు ఐదు నిమిషాలు కెమెరా ఆమెనే పట్టుకుంటుంది. ఆస్కార్ తీసుకుంటూ ఇది తనతో పోటీలో ఉన్న నటి వాలెంటీనా కోర్తేసేకి రావాల్సిందని స్టేజీ మీదే క్షమాపణ అడిగింది. సినిమా సరదాగా ఉంటుంది, డిటెక్టివ్ కథలు ఇష్టమైతే ఆదివారం మధ్యాహ్నానికి బాగా సరిపోతుంది.

వదిలేయొచ్చని నేననేవి: 1948 "జోన్ ఆఫ్ ఆర్క్", అదే ఏటి "ఆర్చ్ ఆఫ్ ట్రయంఫ్". జోన్ పాత్ర అంటే ఆమెకి చిన్నప్పటి నుంచి ప్రాణం, బ్రాడ్‌వే నాటకంలో వేసి 1947లో టోనీ అవార్డు కూడా తీసుకుంది, కానీ సినిమా బరువుగా, కవచాల చప్పుడుతో సాగుతుంది. ముప్పై దాటిన మనిషి పల్లెటూరి అమ్మాయిగా నమ్మించడం ఆమెకి కూడా కష్టమే అయింది. జోన్‌ని బాగా ఆలస్యంగా పట్టుకుంది పాపం.

పుస్తకమా, డాక్యుమెంటరీనా అని కూడా అడుగుతుంటారు. 1980లో వచ్చిన ఆత్మకథ "మై స్టోరీ" నిజాయతీగా ఉంటుంది కానీ లావు. ఓపిక లేకపోతే 2015లో స్టిగ్ బ్యోర్క్‌మన్ తీసిన "ఇంగ్రిడ్ బెర్గ్‌మన్: ఇన్ హర్ ఓన్ వర్డ్స్" చాలు. డైరీలు, ఉత్తరాలు, ఆమె చేత్తో తీసుకున్న ఇంటి సినిమాలు. తండ్రి అలవాటు కూతురికి వచ్చింది, ఎక్కడికెళ్లినా కెమెరా. పిల్లలు నలుగురూ మాట్లాడతారు. మా అమ్మ సరదా మనిషి, ఆవిడతో ఇంకా ఎక్కువ రోజులు గడిపి ఉంటే బాగుండేది అన్నది అందరి మాటల్లోనూ వినిపిస్తుంది. తిట్టరు, అదే ఇంకా గుచ్చుకుంటుంది. దీన్ని చూశాకే ఆఖరిదానికి వెళ్లండి.

ఆఖరిది

"ఆటమ్ సొనాటా", 1978. దర్శకుడు ఇంగ్మర్ బెర్గ్‌మన్. ఇంటిపేరు ఒకటే, చుట్టరికం లేదు, చాలామంది అన్నాచెల్లెళ్లనో మొగుడూ పెళ్లాలనో అనుకుంటారు. టాక్స్ గొడవల వల్ల ఆయన స్వీడన్ వదిలి ఉన్న రోజులవి, షూటింగ్ నార్వేలో చేశారు. భాష స్వీడిష్, అంటే చాలా ఏళ్ల తర్వాత ఆమె మళ్లీ తన భాషలో మాట్లాడటం. అప్పటికే క్యాన్సర్.

కథ చిన్నది. షార్లెట్ పేరున్న పియానిస్టు, ఊళ్లు తిరగడమే జీవితం. ఏడేళ్ల తర్వాత కూతురు ఈవా ఇంటికి వస్తుంది. కూతురిగా లివ్ ఉల్మన్. వికలాంగురాలైన రెండో కూతుర్ని తల్లి ఎక్కడో ఆశ్రమంలో పెడితే, అక్క తన ఇంటికి తెచ్చి పెట్టుకుంది, ఆ సంగతి తల్లికి తెలియదు. ఒక రాత్రంతా లెక్కలు తేలతాయి. పియానో సీన్ గురించి ఒక్కటి చెబుతాను. ఈవా షోపాన్ ప్రెలూడ్ ఒకటి తప్పులతో వాయిస్తుంది, తల్లి చూస్తూ ఉంటుంది, ప్రేమ, జాలి, విసుగు అన్నీ ఆ మొహంలో వచ్చి పోతాయి. తర్వాత అలా కాదమ్మా అని తనే కూర్చుని వాయిస్తుంది. ఇప్పుడు కూతురు చూస్తుంది, పియానో మీటల వైపు కాదు, తల్లి మొహం వైపు. సంగీతం వినడం లేదు ఆ పిల్ల.

పదేళ్ల కూతురు పియాని వదిలి ఇటలీ వెళ్లిన మనిషి, 1952లో కోర్టు ఆ పిల్లని తన దగ్గరికి పంపనంటే ఏళ్ల తరబడి చూడలేకపోయిన మనిషి, షార్లెట్‌గా కూర్చుని నువ్వు నా దగ్గర లేవు అన్న మాటలు వింటోంది. రిహార్సల్స్‌లో దర్శకుడితో గొడవ పడింది, కూతుర్ని ఏడేళ్లు చూడకుండా ఏ తల్లి ఉంటుంది, ఇంత రాక్షసంగా ఎందుకు రాశావని. ఆయన మార్చలేదు. ఆమె వాదించిందంతా పాత్రలోకి వచ్చేసింది, అందుకే షార్లెట్‌ని పూర్తిగా అసహ్యించుకోలేం, ఆమె తన తరపున తను ఏదో చెప్పుకోవాలని చూస్తూనే ఉంటుంది. థియేటర్‌లో విడుదలైన ఆమె చివరి సినిమా ఇదే. తర్వాత ఇజ్రాయెల్ ప్రధాని గోల్డా మేయర్‌గా టీవీకి చేసినదానికి చనిపోయాక ఎమ్మీ వచ్చింది, పియా వెళ్లి అందుకుంది.

ఇవేవీ తెలియకుండా మొదటే ఇది చూస్తే ఎవరో ఒక ముసలి నటి బాగా చేసిందనిపిస్తుంది. అల్లరిగా, పొగరుగా, తాగి ఊగుతూ, ముద్దాడుతూ, కొండెక్కుతూ ఉన్న మొహాన్ని చూసి చూసి వచ్చి ఇక్కడ చూడాలి.

ఇది అయ్యాక ఇంకా ఓపిక ఉంటే, అదే రాత్రి కాకపోయినా మర్నాడు, 1936 స్వీడిష్ "ఇంటర్‌మెజ్జో" పెట్టండి, 1939 హాలీవుడ్‌ది కాదు. ఇరవై ఏళ్ల పిల్ల. అందులోనూ పియానిస్టే. పెళ్లైన వయొలినిస్టుతో ప్రేమలో పడి దేశాలు తిరిగి, అతని చిన్న కూతురు ఇంటి దగ్గర ఎదురు చూస్తోందని అర్థమయ్యాక, తనే తప్పుకుని అతన్ని వెనక్కి పంపేస్తుంది. పియానో ముందు కూర్చున్నప్పుడు ఆమె భుజాలు చూడండి. నలభై రెండేళ్ల తర్వాత కూడా అలాగే కూర్చుంది.